ముట్టని పళ్ళేలు

అస్రిల్ ఎడమచెయ్యి గురించి జకార్తాలో, క్రామాత్ వీధి పొడుగునా చెప్పుకునే మాటలన్నీ నిజం కావు. భూమి కంపించి గోడగడియారం ఊడిపడ్డ రోజున అతని చేతిమీది పదిహేడు పళ్ళేల్లో పులుసు చుక్కైనా తొణకలేదన్నది అబద్ధం. కొంచెం తొణికింది. వంటింటి పిల్లి పైపళ్ళెం మీదికి దూకితే, దాన్ని కూడా మోసుకెళ్ళి బోగోర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ముందు దించాడన్నది మాత్రం నిజం. ఆ పెద్దమనిషి పిల్లిని ముట్టుకోలేదు కనక దాని ఖరీదు ఆయన మీద వెయ్యలేదు.

దస్నియార్ అక్క హోటల్లో పద్ధతే అది. ఆమాటకొస్తే పాదాంగ్ వాళ్ళ పాత హోటళ్ళన్నిట్లోనూ అంతే. వచ్చి కూర్చున్నవాణ్ణి ఏం కావాలని ఎవరూ అడగరు. వండినవన్నీ చిన్న చిన్న పళ్ళేల్లో తెచ్చి బల్ల నిండా పరిచేస్తారు. నల్లగా ఇగిరిన రెండాంగ్ మాంసం, చేప తలకాయ పులుసు, మెదడు కూర, ఎర్రకారం పట్టించిన గుడ్లు, కరకరలాడే ఎండుమాంసం, వేపిన ఊపిరితిత్తుల ముక్కలు. తిన్నవాడు ముట్టిన పళ్ళేలకే డబ్బిస్తాడు. ముట్టనివి వచ్చిన దారినే వంటింట్లోకి వెళ్ళిపోతాయి. ఆ తెచ్చే మనిషి, తీసుకుపోయే మనిషి అస్రిల్. మణికట్టు నుంచి భుజం దాకా మెట్లుమెట్లుగా పేర్చి, కుడిచెయ్యి ఖాళీగా ఊపుకుంటూ నడిచొచ్చేవాడు. ఆ ఊపుడు కొంచెం ఎక్కువే. చూసేవాళ్ళుంటే ఇంకొంచెం ఎక్కువ.

పాదాంగ్ వైపే, పారియామాన్ దగ్గర పల్లె అతనిది. అక్కడ ఇళ్ళన్నీ ఆడవాళ్ళవే కాబట్టి మగపిల్లాడు మీసం మొలిచేసరికి బస్సెక్కాలి. అస్రిల్‌కి మీసం ఆలస్యంగా వచ్చింది, బస్సు ముందే వచ్చింది. జకార్తాలో గిన్నెలు తోముతూ మొదలుపెట్టి, పళ్ళేల నిండా నీళ్ళు పోసుకుని మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఈ విద్య పట్టాడు. ఒలికిన నీళ్ళు చొక్కామీద పడేవి. ఆ చొక్కా ఆరేదాకా అన్నం పెట్టేవారు కాదుట. వానాకాలంలో మనిషి సగమయ్యాడని అతనే చెబుతాడు గానీ అది నమ్మనక్కర్లేదు.

నమ్మాల్సింది ఒకటుంది. ఈ భూమ్మీద అతనికి తనదనే ఇల్లు లేదు. అమ్మ ఇల్లు చెల్లెళ్ళకి వెళ్ళింది. భార్య బతికున్నన్నాళ్ళూ ఆమె ఇంట్లో ఉన్నాడు. ఆమె పోయిన నలభయ్యో రోజు ప్రార్థన అయ్యాక, ఎవరూ పొమ్మనకుండానే, చొక్కాలు మడత పెట్టుకుని వచ్చేశాడు. ఆ ఇల్లు ఆమె చెల్లెళ్ళది మరి. అప్పట్నించీ హోటల్ మీద అటకగదిలో పడక. యాభై దాటాయి. ఇది నాది అని చూపించుకోవడానికి ఆ చెయ్యొక్కటే మిగిలింది.

మొయ్యడం సగం విద్యే. మిగతా సగం ఏ పళ్ళెం ఎక్కడ దించాలన్నది. మనిషి లోపలికొచ్చి కుర్చీ లాక్కునే తీరులోనే అతని ఆకలి ఎటువైపు చూస్తోందో అస్రిల్ పట్టేసేవాడు. కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి జరిపే జావా గుమస్తా గుడ్డు దగ్గర ఆగిపోతాడు. ఈడ్చుకునే బతక్ లాయరు చేపతల వదలడు. గ్లోడోక్ నుంచి వచ్చే చీనా కొట్టాయన మెదడు కూర తింటాడు, తిన్నట్టు భార్యకి చెప్పడు. ఎవరికి కావలసింది వాళ్ళ చేతికి జానెడు దూరంలో దించితే చాలు, మిగతా పని చెయ్యే చేసుకుంటుంది.

సోమవారం అతనికి సెలవు. ఆ రోజు పాదాంగ్ వంట కంటితో కూడా చూసేవాడు కాదు. ఊరంతా తిరిగి ఇతరుల వంటలు తినేవాడు. మదురా వాళ్ళ కబాబులు, బెతావీ వాళ్ళ పేగుల పులుసు, అచే వాళ్ళ నూడుల్స్, పసార్ బారు బజార్లో సిక్కుల రొట్టె. తింటున్నంతసేపూ నోరు తినేది, కళ్ళు వడ్డించేవాడి చేతులమీద ఉండేవి. "ఊళ్ళోవాళ్ళందరూ మన దగ్గర తింటుంటే నువ్వు ఊళ్ళోవాళ్ళ దగ్గర తింటావేంట్రా?" అని వంటమనిషి తమ్రిన్ వేళాకోళం చేస్తే, "నీ కూర గొప్పదనం తెలియాలంటే అప్పుడప్పుడూ నోటికి దానినుంచి సెలవివ్వాలి" అనేవాడు. తమ్రిన్‌కి అది పొగడ్తో తిట్టో తేలక మూకుడు గట్టిగా గీకేవాడు.

అలా ఉండగా ఒక బుధవారం, మధ్యాహ్నపు ప్రార్థన అయ్యి జనం ఇంకా రాకముందు, ఒకావిడ ఒంటరిగా వచ్చి గోడవారన కూర్చుంది. అరవై దాటిన మనిషి. తలమీద ముదురాకుపచ్చ గుడ్డ, మడత చెడకుండా. కుర్చీని ఎత్తలేదు, ఈడ్వలేదు. అది ఎలా ఉందో అలాగే ఉంచి, మధ్యలో దూరి కూర్చుంది. అస్రిల్ మొట్టమొదటిసారి తడబడ్డాడు. ఎండుమాంసం అనుకుని అది ముందు దించాడు. ఆవిడ పదిహేడు పళ్ళేలనూ పరీక్ష హాల్లో పిల్లల్ని చూసే టీచరమ్మలా వరసగా చూసింది. అన్నంతోపాటు ఊరికే వచ్చే ఉడకబెట్టిన కర్రపెండలం ఆకు, పచ్చికారం కలుపుకుని తిన్నది. టీ తాగింది. డబ్బిచ్చి వెళ్ళిపోయింది.

పదిహేడూ వెనక్కి వచ్చాయి.

"కూర చెడిందా, నీ మొహం చెడిందా?" అన్నాడు తమ్రిన్.

"కూర ముట్టుకుంటే కదా చెడిందో లేదో తెలిసేది."

"అయితే మొహమే."

తర్వాతి బుధవారం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతిదీ. అదే బల్ల, అదే ఆకు, అదే కారం. మోసుకెళ్ళడం, మోసుకురావడం. ఎవరీవిడ, ఎందుకొస్తోంది అన్న ప్రశ్న హోటల్లో కూరల వాసనకన్నా ఎక్కువగా కమ్ముకుంది.

డబ్బుల బల్ల దగ్గర కూర్చునే దస్నియార్ అక్కకి సందేహమే లేదు. "ఎదురు సందు హోటలువాళ్ళు పంపిన మనిషి. మన కూరల్లో ఏమేం పడుతున్నాయో వాసనతో పట్టుకుపోతోంది."

"వాసన మూటగట్టుకుపోవడానికి ఆవిడేమన్నా దయ్యమా అక్కా?" అన్నాడు తమ్రిన్.

"నీ ముక్కుకి ఉల్లిపాయకీ వెల్లుల్లికీ తేడా తెలీదు కాబట్టి అందరూ అలాగే ఉంటారనుకోకు."

అక్క చిరాకుకి ఇంకో కారణముంది. ఈమధ్య వచ్చే కుర్రజనం పళ్ళెం కేసి చూసి, "ఇది ఇంతకుముందు ఎవరి బల్లమీద తిరిగొచ్చిందండీ?" అని అడగడం మొదలెట్టారు. వీధిలో మిగతా హోటళ్ళవాళ్ళు గాజు బీరువాలు పెట్టేశారు. కూరలు అందులో ఉంటాయి, వచ్చినవాడు వేలు చూపిస్తాడు, చూపించింది వడ్డిస్తారు. అక్క కూడా ఒక వడ్రంగిని పిలిపించి గుమ్మం పక్కన కొలతలు తీయించింది. వడ్రంగి గోడమీద పెన్సిల్ గీతలు గీసి వెళ్ళాడు. అస్రిల్ ఆ గీతల పక్కనుంచి పోయినప్పుడల్లా ఎడమభుజం దానంతటదే కొంచెం పైకి లేచేది.

నాలుగో వారం పళ్ళేలన్నీ మళ్ళీ చెక్కుచెదరకుండా తిరిగొచ్చేసరికి అక్క పిలిచింది.

"ఇలా కూర్చో. ముట్టనివి ఇన్నిసార్లు మోస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? ఈ కూరలు ఎవరూ తినరేమో అనుకోరూ?"

"ఆవిడొక్కతే కదక్కా."

"ఒక్కతే చాలు. సరే, విను. ఉపవాసాల నెల వచ్చేలోపు ఆ మహాతల్లి చేత ఒక్క పళ్ళెం ముట్టించు. ముట్టుకుంటే నేను బతికుండగా ఈ హోటల్లో గాజు బీరువా మాటెత్తను. ముట్టుకోకపోతే వడ్రంగికి కబురు పెడతాను. నువ్వు బీరువా వెనకాల నిలబడి గరిటె పట్టుకుందువుగాని."

"గరిటా?"

"ఏం, గరిటె బరువా?"

పదిహేడు పళ్ళేలు బరువనిపించని మనిషికి ఆ గరిటె నిజంగానే బరువనిపించింది.

అప్పట్నించి అస్రిల్ పన్నని ఎత్తు లేదు. ఒకసారి ఆవిరి ఆమె వైపు పోయేలా పులుసు గిన్నెలు గాలివాటున పెట్టాడు. ఆవిడ తలగుడ్డ సర్దుకుంది. ఇంకోసారి పులుసులోని చేప గురించి కథ ఎత్తుకున్నాడు. అది సముద్రంలో ఉండగా ఒక పడవవాడి ఉంగరం మింగిందనీ, ఉంగరం దొరుకుతుందేమోనని ఇవాళ పొద్దున్నుంచీ ముగ్గురు ఆ తలకాయే అడిగారనీ చెప్పాడు.

"దొరికిందా?" అందావిడ. ఆమె నోటినుంచి అతను విన్న మొదటి మాట అది.

"మూడోవాడి పన్ను విరిగిందమ్మా. ఉంగరమో ఎముకో ఇంకా తేలలేదు."

ఆవిడ నవ్వలేదు గానీ ఆకు నములుతున్న దవడ ఒక్క క్షణం ఆగింది. "అబద్ధాలు బాగా చెబుతావు. ఇన్నిసార్లు మోయించాను కదా, నామీద కోపం రాలేదూ?"

"పళ్ళేలకి రావాలి కోపం. నాకెందుకమ్మా?"

"నీది ఏ వంశం?"

"కోతో వంశమండీ."

"అక్కచెల్లెళ్ళు?"

"ఇద్దరు చెల్లెళ్ళు. ఊళ్ళో ఇల్లు వాళ్ళదే."

"మంచిది" అని ఆవిడ చెయ్యి కడుక్కుంది.

అస్రిల్ పళ్ళేలు మోసుకుంటూ వంటింట్లోకి వెళ్ళి రహస్యం కనిపెట్టినవాడిలా గొంతు తగ్గించాడు. "అక్క చెప్పిందే నిజం తమ్రిన్. కూరల గుట్టు లాగడానికే వచ్చింది. ఇవాళ నన్ను వంశం అడిగింది. అది చెబితే ఏ ఊరి మసాలానో తెలిసిపోతుంది కదా. నేనేమో నోరుజారి చెప్పేశాను."

అక్క వెనకాలే నిలబడి వింటోంది. నుదురు కొట్టుకున్న చప్పుడుకి మూకుళ్ళు ఉలిక్కిపడ్డాయి.

"ఒరే మొద్దూ! వంశం అడిగిందా? అక్కచెల్లెళ్ళ గురించి అడిగిందా?"

"అడిగింది."

"ఇన్నేళ్ళుగా జనాల ఆకలి చదువుతున్నావే, పెళ్ళిమాట చదవడం రాదుట్రా నీకు? ఆవిడ ఎవరి గూఢచారీ కాదు. ఆడపెళ్ళివారి తరఫు మనిషి!"

పారియామాన్ వైపు వరుణ్ణి అడగడానికి ఆడపెళ్ళివారే రావాలి. వచ్చే ముందు ఒక పెద్దావిణ్ణి పంపి, గుట్టుచప్పుడు కాకుండా మనిషిని తడిమి చూస్తారు. నొక్కీ నొక్కకుండా మామిడిపండు చూసినట్టు. ఒకే వంశమైతే మాట అక్కడే ఆగిపోతుంది కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే. పాలుతాగే పిల్లాడికి తప్ప అందరికీ తెలిసిన సంగతి. అస్రిల్‌కీ తెలుసు. వేరే ఎవరినైనా అడిగి ఉంటే ఇట్టే పట్టేసేవాడు. తనని అడుగుతారని మాత్రం తోచలేదు.

తమ్రిన్ గరిటె పొయ్యిమీద వదిలేసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "పదిహేడు పళ్ళేలు ముందు పెట్టుకుని ఆవిడ చూసేది పద్దెనిమిదో దాన్నిరా!"

"నువ్వు నోర్ముయ్" అని అక్క కూలబడింది. ఆమె మొహంలో గెలుపు ఎక్కువసేపు నిలవలేదు. "అన్నీ వెనక్కి పంపుతుంటే మొహం ముడుచుకుంటాడా లేదా అని నీ ఓర్పు చూస్తోందన్నమాట. తెలివైన మనిషి. ఇప్పుడు ఆవిడ ఒక్క పళ్ళెం ముట్టుకుందంటే నువ్వు నచ్చావన్నట్టే. రేపు తమలపాకుల పెట్టె పట్టుకొస్తారు. ఎల్లుండి నువ్వు చొక్కాలు మడతపెట్టుకుని వాళ్ళింటికి పోతావు."

"ముట్టించమన్నది నువ్వే కదక్కా."

"అప్పుడు తెలుసా నాకు?"

"ముట్టకపోతే బీరువా వస్తుంది. ముడితే నేను పోతాను. నీకేది కావాలి?"

అక్క లేచి డబ్బుల బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అస్రిల్‌కి కూడా తనకేది కావాలో చప్పున తేలలేదు. పళ్ళేలు నిలబడాలి, అందులో అనుమానం లేదు. కానీ ఇంకెవరిదో ఇంటి గుమ్మంలో మళ్ళీ చెప్పులు విప్పడం, ఆ గుమ్మంలోంచే మళ్ళీ ఒకరోజు చొక్కాలతో బయటికి రావడం, అది ఒకసారి చేసినవాడు తొందరగా మళ్ళీ చెయ్యడు.

సోమవారం వచ్చింది. చికినీ వెనకసందులో, ఉడికిన కూరముక్కల్లో వేరుశనగ పచ్చడి కలిపిచ్చే గాడోగాడో బండి దగ్గర నిలబడ్డాడు. బండావిడ రాతిపళ్ళెంలో వేరుశనగలు నూరుతూ తలెత్తకుండానే అడిగింది, "ఎన్ని మిరపకాయలు?" పక్కనున్న పోలీసాయన రెండన్నాడు. కాలేజీ పిల్ల ఏడంది. ఆ ఏడు అంటున్నప్పుడు ఆ పిల్ల స్నేహితుల వైపు చూడకుండా నేలవైపు చూసింది. నోరు మండినా సరే, పంతానికి అంది. పోలీసాయన కూడా రెండని చెప్పి ఎవరైనా విన్నారేమోనని మీసం దువ్వుకున్నాడు. అస్రిల్ తింటూ తింటూ ఆగిపోయాడు. మనిషి తనకి కావలసిన దానివైపు చూస్తాడనే ఇన్నాళ్ళూ అతని నమ్మకం. చూడకుండా తప్పించుకునేది కూడా ఒకటుంటుందా?

బుధవారం పళ్ళేలు దించుతూ ఆవిడ చేతిని చూడటం మానేసి కళ్ళని చూశాడు. రెండాంగ్ మీద నిలిచాయి. చేపతల మీద నిలిచాయి. గుడ్లు, మెదడు, ఎండుమాంసం, అన్నిటి మీదా తాపీగా నడిచాయి. ఒక్కచోట మాత్రం వేడి పెనం దాటినట్టు చటుక్కున దాటేశాయి. అక్కడున్నది జెంకోల్. చింతగింజకి పెద్దన్నలా ఉండే గింజ, మసాలాలో మెత్తగా ఉడికి నల్లగా మెరుస్తోంది. రుచి చెప్పక్కర్లేదు. కానీ ఒకటి తిన్నా చాలు, మర్నాటిదాకా తిన్నవాడి నోరు, ఒళ్ళు, ఇల్లు, ఆ ఇంటి పక్క ఇల్లు కూడా ఊళ్ళో అందరికీ చెప్పేస్తాయి. ఆవిడ ముక్కుపుటాలు సన్నగా కదిలాయి.

అస్రిల్ పళ్ళేలు సర్దుతున్నట్టు నటించి జెంకోల్‌ని తెచ్చి ఆవిడ కుడిచేతికి బెత్తెడు దూరంలో పెట్టాడు. తర్వాత డబ్బుల బల్లకీ ఆవిడకీ మధ్య, వీపు ఆవిడ వైపు పెట్టి, గోడలా నిలబడ్డాడు.

"ఏంటది?" అందావిడ.

"వీధి చూస్తున్నానమ్మా. ఇవాళ బళ్ళు బాగా తిరుగుతున్నాయి."

"పక్కకి జరుగు."

"జరగను. ఎవరన్నా ఏం వాసనా అని అడిగితే నాదే అంటాను. ఇక్కడ పనిచేసేవాణ్ణి, నా మాట నమ్ముతారు."

దూరంగా అక్క మెడ సాచి చూస్తోంది. అస్రిల్ ఆమె మెడ ఎటు వంగితే అటు వంగాడు. పిమ్మట వెనకాల పళ్ళెం అంచు బల్లమీద సన్నగా రాసుకున్న చప్పుడైంది. ఆ వెంటనే అన్నం కలిపే చప్పుడు. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. ఆకలితో కాదు, తీరిన ఆకలితో.

అతను తిరిగేసరికి పళ్ళెం అద్దంలా ఉంది. ఆవిడ మూతి తుడుచుకుంటోంది.

"సిగ్గులేని మనిషివి" అంది.

"నా ఓర్పు పరీక్షిస్తున్నారని మా అక్క అంది."

"పరీక్షే. నీది కాదు, నాది. పెద్దరికం మీద వచ్చినదాన్ని, నోరు జెంకోల్ కంపు కొడుతుంటే రేపు మీ వాళ్ళ ముందు ఏ మొహంతో మాట్లాడతాను? ఒక్క పళ్ళెం ముడితే ఆ పక్కది కూడా ముడతానని నాకు తెలుసు. అందుకని మొదట్నించీ అన్నిటికీ దణ్ణం పెట్టి కూర్చున్నాను. హోటలుకి పోయి ఉత్తి ఆకుకూర తినొస్తావేంటక్కా అని మా చెల్లెలు నవ్వుతోంది."

ఆవిడ పేరు యుస్నిదర్. పెళ్ళికూతురు ఆ చెల్లెలే, పేరు నుర్‌చాయ. భర్త పోయి ఆరేళ్ళు. తానాఅబాంగ్ బజారులో తలగుడ్డల కొట్టుంది, బెకాసీలో ఇల్లుంది. వంశం చనియాగో.

అస్రిల్ తలగోక్కున్నాడు. ఆడపెళ్ళివారిని వరుడు అడగాల్సినవి చాలా ఉంటాయి. అతను ఒకటే అడిగాడు. "ఆవిడ ఏం తింటారు?"

"అదే మా బాధ. కొబ్బరిపాలు పడవు. అవి లేని మన వంటేది, ఒక్కటీ ముట్టదు. వారానికోసారి కొట్టు మూసి ఊరంతా తిరిగి ఎక్కడో ఒకచోట తినొస్తుంది. పోయినవారం అచే వాళ్ళ దగ్గరట. పాదాంగ్ హోటల్లో పళ్ళేలు మోసేవాడికి ఇలాంటిదాన్ని ఎలా కట్టబెట్టడం అని ఇన్నివారాలూ ఆకు నములుతూ ఆలోచించాను."

"అచే వాళ్ళ దగ్గరంటే ఎక్కడ? బెన్‌హిల్ మార్కెట్ వెనకా, మంగారాయ్ దగ్గరా?"

"నాకేం తెలుసు? దాన్నే అడుగు."

"అడుగుతాను" అన్నాడు అస్రిల్. అన్నాక, ఏమన్నాడో అతనికే వినపడి చెవులు ఎర్రబడ్డాయి.

అప్పటికి అక్క ఓపిక అయిపోయి స్వయంగా వచ్చింది. ఖాళీ పళ్ళెం ఎత్తి వాసన చూసింది. అస్రిల్‌ని చూసింది. యుస్నిదర్‌ని చూసింది. పక్కనుంచి కుర్చీ లాక్కుని, వరుడి తరఫు మనిషిలా బరువుగా కూర్చుంది.

"వీడి మేనమామలు పోయారు, చెల్లెళ్ళు దూరం. కాబట్టి మాట నాతోనే. ముందే చెబుతున్నా, గాజు బీరువా పెట్టనని మాటిచ్చాను. బీరువా లేకపోతే ఈ చెయ్యి లేకుండా హోటల్ నడవదు."

"చెయ్యి మీది, మనిషి మాది అంటే ఎలాగమ్మా? రెండూ కలిసే ఉన్నాయి కదా" అంది యుస్నిదర్.

"పగలు ఇక్కడ, రాత్రి బెకాసీలో. సోమవారం మీ ఇష్టం."

"బెకాసీ నుంచి రైలుంది" అన్నాడు అస్రిల్ మెల్లగా.

"నిన్నెవరడిగారు?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. దాంతో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గౌరవం పుట్టింది.

మాట కుదిరిందనడానికి గుర్తుగా వరుడు కూర్చోవాలి, మిగతావాళ్ళు వడ్డించాలి అంది అక్క. అస్రిల్‌ని పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎడమచేతికి పని లేక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. చివరికి ఒళ్ళో పెట్టుకున్నాడు. వంటింట్లోంచి తమ్రిన్ నాలుక బయటపెట్టి, పులుసు మోచేతిదాకా కార్చుకుంటూ, అతి కష్టమ్మీద ఆరు పళ్ళేలు మోసుకొచ్చి అడ్డదిడ్డంగా దించాడు. రెండాంగ్ ఉండాల్సిన చోట గుడ్లున్నాయి, గుడ్లు ఉండాల్సిన చోట తమ్రిన్ బొటనవేలుంది.

ముగ్గురూ నిలబడి అస్రిల్ చేతినే చూస్తున్నారు. ఎవరి చెయ్యి ఎటు పోతుందో చెప్పగలిగిన మనిషికి తన చెయ్యి ఎటు పోతుందో తెలియలేదు. కాసేపు గాలిలో ఊగింది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి అన్నిటి మీదా వాలింది.

ఆ ఆరింటిలో వంటింట్లోకి వెనక్కి వెళ్ళిన పళ్ళెం ఒక్కటీ లేదు. జెంకోల్‌తో కలిపి ఏడింటి ఖరీదూ దస్నియార్ అక్క ఆడపెళ్ళివారి మీద వేసింది.